గొంతుకి విశ్రాంతి

బస్టాండులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. మైకులో మాట్లాడుతుంది కాబట్టి మైకమ్మ. డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టాయన అందరూ అలాగే పిలిచేవాళ్ళు. మేనేజరు కూడా నలుగురిలో ఉన్నప్పుడు నోరు జారి "మైకమ్మ గారూ" అనేవాడు. మొదట్లో ఆమెకి చిర్రెత్తుకొచ్చేది. తర్వాత్తర్వాత కూరగాయల దుకాణంలో నోరు తెరిచి బేరం మొదలుపెట్టగానే పక్కావిడ గిరుక్కున తిరిగి, "మీరు బస్టాండులో మాట్లాడే ఆవిడ కదూ!" అంటుంటే లోపల్లోపల పొంగిపోయేది. ఆ రోజు బేరం ఆడకుండానే కొనుక్కొచ్చేసేది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అత్తగారు ఆమెని కూరగాయలకి పంపడం మానేసింది.

ఆ గొంతు చలికాలంలో పట్టేసింది. ఒక ఉదయం "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి "విజ్ఞ" దగ్గర ఆగిపోయింది. మైకులోంచి కప్ప అరిచినట్టు ఏదో వచ్చింది. ప్లాట్‌ఫారాల మీద జనం పగలబడి నవ్వారు. డాక్టరు కొన్నాళ్ళు నోరు మెదపొద్దన్నాడు. మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు మేనేజరు తన గదికి పిలిపించాడు.

ఈ మేనేజరుకి సిబ్బంది పెట్టుకున్న పేరు చూద్దాంగారు. సెలవడిగితే చూద్దాం. ఫ్యాను తిరగడం లేదంటే చూద్దాం. ఆయన నోట కాదన్న మాట ఎవరూ వినలేదు, అవునన్న మాటా వినలేదు. అలాంటి మనిషి ఆ రోజు కుర్చీ తనే జరిపి కూర్చోమన్నాడు.

"మీ గొంతు గురించే ఆలోచిస్తున్నానమ్మా. ఇన్నేళ్ళు పొద్దస్తమానం వాడారు. దానికి విశ్రాంతి కావాలి."

"మందులు వేసుకుంటున్నానండీ, తగ్గిపోయింది."

"తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. అందుకని ఒక ఏర్పాటు చేశాను. మీ మాటలన్నీ విడివిడిగా రికార్డు చేస్తారు. అంకెలు, ఊళ్ళు, ప్లాట్‌ఫారాలు, అన్నీ. మీకు ఒంట్లో బాగాలేని రోజున వాటిని మిషను కలుపుకొని పలుకుతుంది. మీరు ఇంట్లో ఉన్నా స్టాండులో వినపడేది మీ గొంతే. వేరే వాళ్ళ గొంతు ఈ స్టాండుకి అతకదు తల్లీ."

మైకమ్మ గాల్లో తేలుతూ బయటికొచ్చింది.

ఆమె గదికీ ఎంక్వైరీ గదికీ మధ్య ఒక అద్దం. అటువైపు ఎంక్వైరీ వదిన. చేరిన కొత్తలో మైకమ్మ ఆమెని అక్కా అని పిలిస్తే, "నన్ను ముసలిదాన్ని చెయ్యకు, కావాలంటే వదినా అను, పుణ్యముంటుంది" అంది. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరికొకరు వదినలే. మధ్యాహ్నం భోజనం డబ్బాలు ఒకే బల్ల మీద విప్పుకునేవాళ్ళు. ఒకరి ఇంట్లో గొడవ రెండో వాళ్ళకి ఆ రోజే తెలిసేది.

మేనేజరు మాటలన్నీ మైకమ్మ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. వదిన వింటూ డబ్బా మూత తుడిచిందే తుడిచింది.

"మంచిదేగా" అంది. "నీకూ కాస్త తెరిపి."

"అంతేనా? నువ్వు ఎగిరి గంతేస్తావనుకున్నా."

"ఈ మోకాళ్ళతోనా?" అంది వదిన. ఇద్దరూ నవ్వుకున్నారు.

రికార్డింగు పాత సామాన్ల గదిలో పెట్టారు. తీసేసిన బస్సుల సీట్లలోంచి స్పాంజి ఊడదీసి గోడలకి దిగ్గొట్టారు, చప్పుడు మార్మోగకుండా. ఆ గదిలో మాట నోట్లోంచి రాగానే చచ్చి కింద పడ్డట్టుండేది. రికార్డు చేసే ఆయన బొజ్జా, ముక్కు చివర కళ్ళజోడూ ఉన్న పెద్దమనిషి. ప్రతి మాటా మూడు రకాలుగా అడిగేవాడు. వాక్యం మధ్యలో వచ్చినట్టు ఒకసారి, చివర్లో వచ్చినట్టు ఒకసారి, విడిగా ఒకసారి. "నుండి. నుండి. నుండి." "వెళ్ళు. వెళ్ళు. వెళ్ళు." కాసేపటికి ఆయనే చేతులు జోడించి, "ఎక్కడికమ్మా వెళ్ళమంటారు, ఇంటి దగ్గరా ఇదే వింటున్నాను" అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పట్టు విడిచేవాడు కాదు. "గొంతులో నవ్వు ఉండాలమ్మా. పళ్ళు కనపడేట్టు కాదు, మనసు నిబ్బరంగా ఉన్నప్పుడు వస్తుందే, అది. దిగులుగా ఉన్న రోజు చదివింది వేరేగా తెలిసిపోతుంది. మిగతా మాటలతో కలవదు."

మైకమ్మకి నవ్వు దానంతటదే వచ్చేది. వదిన రోజూ ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చి పెట్టేది. మేనేజరు తలుపు తోసి, "ఎలా ఉంది తల్లీ, గాలి ఆడుతోందా?" అని అడిగి వెళ్ళేవాడు. ఇంట్లో కూడా ఎవరూ అంతలా కనుక్కున్నది లేదు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో కొత్తగా కట్టిన ఆసుపత్రి నుంచి పెద్ద నర్సు వచ్చింది. బస్సు కోసం కూర్చుని ఈ గొంతు విని, వెతుక్కుంటూ గదికే వచ్చింది. "మా దగ్గర రోగుల్ని పిలవడానికీ, ఎవరు ఏ గదికి వెళ్ళాలో కంగారు పడకుండా చెప్పడానికీ ఒక మనిషి కావాలండీ. మిషను పెడితే ముసలివాళ్ళు బెదిరిపోతున్నారు. మీలాంటి వాళ్ళయితే బాగుంటుంది. ఈ వారంలో ఏ సంగతీ చెప్పండి" అంది.

మైకమ్మ ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. ఆమె భర్త దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చాక చేతినిండా పని లేదు. అమ్మాయి ఇంకా చదువుకుంటోంది. ఇల్లు గడిచేది ఈ గొంతు మీదే. అందుకే ఆచితూచి అడగాలనుకుంది. ముందు వదినని అడిగింది.

కిటికీలోంచి ఎవరో బస్సు అడిగితే వదిన ముందు వాళ్ళకి చెప్పింది. ఇంకెవరో అడిగితే వాళ్ళకీ చెప్పింది. తర్వాత ఇటు తిరిగి, "నీకిక్కడేం తక్కువ?" అంది. "పొద్దున్న లేస్తే రోగాలూ ఏడుపులూ. తెలిసిన చోటు వదులుకుని ఎందుకు? మేనేజరునే అడుగు కావాలంటే."

ఆయన్నీ అడిగింది. "మీరు వెళ్ళిపోతే ఈ స్టాండు మూగబోతుందమ్మా" అన్నాడు మేనేజరు. "మీ స్థానానికేం ఢోకా? నేను లేనూ?"

మైకమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసి, రాలేనని మర్యాదగా చెప్పేసింది.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం ఇంట్లో ఉతికిన బట్టలు మడత పెడుతూ రికార్డింగు మాటలు పైకి అనుకుంటోంది. అత్తగారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడకి చెవులు మందమని అందరూ అనుకుంటారు. తనకి అక్కర్లేని మాటలకే మందం.

"తొమ్మిదో ప్లాట్‌ఫారం. పదో ప్లాట్‌ఫారం. పదకొండో ప్లాట్‌ఫారం."

"ఎన్నున్నాయే మీ బస్టాండులో?"

"ఎనిమిదండీ."

"మరి పదకొండంటావేం?"

"ముందు ముందు కడతారేమోనని ఇరవైదాకా చదివించుకుంటున్నారు."

అత్తగారు కాయ విరిచి గిన్నెలో వేసింది. "నువ్వు జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజు కోసమన్నావు గదా ఇదంతా."

"అవును."

"నువ్వు ఒక్క రోజు సెలవు పెడితే ఆ ఒక్క రోజులో పన్నెండు ప్లాట్‌ఫారాలు కట్టేస్తారా?"

"ప్రతిదానికీ వంకరగా మాట్లాడకండి!" అని మైకమ్మ కసిరింది. కుట్టుమిషను దగ్గర్నుంచి భర్త తలెత్తకుండానే, "అమ్మ మాటలు పట్టించుకోకు" అన్నాడు. ఆయన ఎప్పుడూ అదే అంటాడు, అమ్మ తప్పన్నా అంటాడు, ఒప్పన్నా అంటాడు.

"పట్టించుకోకపోతే పోనీలే" అంది అత్తగారు. "కట్టబోయే ఇంటికి కూడా ఇప్పుడే గుమ్మాలు చేయించుకుంటున్నారంటే, వడ్రంగిని మళ్ళీ పిలవరనేగా."

మడత పెట్టిన చీర మైకమ్మ ఒళ్ళో మళ్ళీ విడిపోయింది. ఎనిమిది తర్వాత తొమ్మిది చదవమన్నప్పుడు తనకి రావలసిన అనుమానం ఇది. నవ్వుతూ చదివింది. పదికి ఇంకొంచెం బాగా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి వదిన కిటికీ తెరవకముందే గదిలోకి జొరబడింది.

"వదినా, ఒకటడుగుతాను. తల తిప్పకుండా చెప్పు. నన్ను తీసేస్తున్నారా?"

వదిన చేతిలో తాళాలు చప్పుడు చేశాయి. ఆ ఒక్క చప్పుడుతో మైకమ్మకి అంతా తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కూర్చో, నీళ్ళు తాగు ముందు..."

"నీ నీళ్ళు తగలెయ్య! ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి" అంది వదిన. "నువ్వు సెలవులో ఉన్నప్పుడే ఆయన చెప్పాడు. రికార్డింగు అయిపోయాక పై నెల నుంచి నువ్వు అక్కర్లేదని. చెప్తే నీ మనసు కష్టపడుతుందనీ, గొంతులో తేడా వస్తుందనీ, పని అయ్యేదాకా నిన్ను సంతోషంగా ఉంచమనీ..."

"సంతోషంగా ఉంచమన్నాడా?"

వదిన తలొంచుకుంది.

"ఆ ఫ్లాస్కు ఆయన తెమ్మంటేనే తెచ్చావా?"

"లేదే తల్లీ, ఒట్టు. అది నేనే తెచ్చాను. నీకు చెప్పలేకపోతున్నానే, కనీసం ఇదైనా చేద్దామని."

"ఎంత జాలి!" మైకమ్మ గొంతు పెరిగింది. అద్దం అవతల చీపురు పట్టుకున్న మనిషి ఆగి చూసింది. "ఆసుపత్రి సంగతి నిన్నడిగానే! నా పక్కన కూర్చుని, రోజూ నా డబ్బాలోది తింటూ, నీకిక్కడేం తక్కువ అన్నావే! వెళ్ళు అని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? రహస్యం చెప్పక్కర్లేదు. వెళ్ళు అంటే చాలు. మూడు రకాలుగా అనక్కర్లేదు, ఒక్కసారి అంటే వెళ్ళేదాన్ని."

"బాధపడతావనే..."

"ఇప్పుడు పడట్లేదా? అప్పుడు బాధా ఉద్యోగమూ రెండూ ఉండేవి. ఇప్పుడు బాధొక్కటే మిగిలింది."

వదిన కళ్ళొత్తుకుంటోంది. అది చూస్తే మైకమ్మకి ఇంకా మండింది. నష్టం తనదైతే ఏడుపు ఈవిడదా?

అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేసింది. పెద్ద నర్సు గుర్తుపట్టి పలకరించింది. "అయ్యో, మీరు కాదన్నారని ఆ సాయంత్రమే ఇంకో ఆవిడకి మాటిచ్చేశామండీ. నిన్న చేరింది కూడా" అంది. చెప్పడం మెత్తగానే చెప్పింది, కానీ ఉన్నదున్నట్టు చెప్పింది. మైకమ్మ "పర్లేదండీ, థాంక్సండీ" అని పెట్టేసి, అదే ఊపులో మేనేజరు గదికి నడిచింది. తలుపు కొట్టలేదు.

"రండి తల్లీ, రికార్డింగు మొదలుపెట్టలేదా ఇవాళ?"

"మొదలుపెట్టను. ఎవరి కోసం మొదలుపెట్టాలి? నన్ను పై నెల నుంచి రావద్దనే దాని కోసమా?"

మేనేజరు మొహంలో ఒక్క క్షణం అసలు మనిషి కనపడి మాయమయ్యాడు. "ఎవరన్నారమ్మా? ముందు కూర్చోండి. ఇంకా ఏదీ తేలలేదు. పైవాళ్ళతో మాట్లాడుతున్నాను. చూద్దాం..."

"చూద్దాం అనకండి. అవునో కాదో చెప్పండి."

"మీరు ఆవేశంలో ఉన్నారు."

"అవును, ఉన్నాను. ఆవేశంలో ఉన్న మనిషికి కూడా చెవులు పనిచేస్తాయి. చెప్పండి."

ఆయన పెన్ను మూత పెట్టాడు. కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూశాడు. "మీరు తెలివైనవారు. మీకు తెలియంది కాదు. రద్దయిన బస్సుని రద్దయిందని మనం మైకులో ఎప్పుడైనా చెప్పామా? ఆలస్యంగా నడుస్తోంది అంటాం. ఎందుకు? రద్దంటే గొడవ చేస్తారు, అద్దాలు పగలగొడతారు. ఆలస్యమంటే ఓపిగ్గా కూర్చుంటారు. ఈలోపు ఇంకో బస్సేదో వస్తుంది, సర్దుకుంటారు. ఎవరికి నష్టం చెప్పండి? మీ విషయంలోనూ నేను చేసింది..."

"నన్ను కూడా బెంచీ మీద కూర్చోబెట్టారన్నమాట."

"అలా అనకండి."

"ఇంకో బస్సు వచ్చిందండీ నాకు. ఎక్కబోతుంటే మీరే చెయ్యి పట్టుకుని ఆపారు. నేను లేనూ అన్నారు. ఎక్కడున్నారు మీరు? మీ నోట్లో నాకు ఉద్యోగం ఉంది, మీ మనసులో లేదు. పైగా నేను నవ్వుతూ ఉండాలి, గొంతు పాడవకూడదు! పాలిచ్చే గేదెని కూడా ఇలాగే నిమురుతారు, పాలు బిగబట్టకుండా." ఊపిరి తీసుకుంది. "ఇంక ఒక్క మాట చదవను. పదకొండు దగ్గరే ఆపేస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

మేనేజరు ఆమెని జాలిగా చూశాడు. నిజంగానే జాలి అది, అందుకే భరించలేకపోయింది. "మనకున్నవి ఎనిమిదే కదమ్మా. అవి ఎప్పుడో అయిపోయాయి. మిగతావి రాకపోయినా ఇబ్బంది లేదు."

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె విన్న మొదటి నిజం అది. కొట్టడానికి ఏదీ దొరకక మైకమ్మ చెయ్యి చీర కొంగుని మెలిపెడుతూ ఉండిపోయింది.

ఒక నిజం బయటపడ్డాక రెండోదీ ఆగలేదు. మేనేజరు గొంతు తగ్గించి, తన వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "మీరొక్కరే కాదు, అది తెలిస్తే మీకే కాస్త ఊరటగా ఉంటుంది. ఎంక్వైరీ కూడా తీసేస్తున్నాం. మీ గొంతుతోనే ఒక పెట్టె పెడతారు, మీట నొక్కితే అదే చెప్తుంది. ఆవిడకి మాత్రం ఇప్పుడే చెప్పకండి. పాపం, బాధపడుతుంది. మీ విషయంలో నాకు సాయపడినందుకు కౌంటరుకేం కాదని మాటిచ్చాను. సమయం చూసి నేనే మెల్లగా చెప్తాను."

మైకమ్మ బయటికి వచ్చింది.

ఎంక్వైరీ కిటికీ ముందు జనం పోగయ్యారు. వదిన ఎర్రబడ్డ కళ్ళతోనే సమాధానాలు చెప్తోంది. మైకమ్మని చూడగానే కిటికీ రెక్క దగ్గరికి వేసి లేచింది. "ఏమన్నాడు?" అంది. ఆ వెంటనే చాలా చిన్న గొంతుతో, "నా గురించేమైనా అన్నాడా?" అంది.

"ఏం లేదు" అంటే సరి. అంత తేలిక మాట. నాలుక చివర సిద్ధంగా ఉంది, ఇచ్చిన చీటీ చదివినంత తేలిగ్గా చెప్పేయొచ్చు. చెప్తే వదిన మొహం కుదుటపడుతుంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని, ఏమీ తెలియని ఆ మొహాన్ని చూస్తూ తినొచ్చు. నా మొహం చూస్తూ నువ్వు తిన్నావుగా, అనుకోవచ్చు. అలా చూడాలని ఉంది కూడా. ఎంత ఉందంటే, తనకే భయమేసింది.

"నీ కౌంటరూ తీసేస్తున్నారు" అంది. "పెట్టె పెడతారట. మీట నొక్కితే నేనే పలుకుతానట."

వదిన నవ్వబోయింది. నవ్వు రాలేదు. "లేదు. నాకు మాటిచ్చాడు."

"నాకూ ఇచ్చాడు."

"నువ్వు నా మీద కోపంతో అంటున్నావు."

"కోపంతోనే అంటున్నా. కోపంతో చెప్పినంత మాత్రాన అబద్ధమైపోదు."

"కాస్త మెల్లగా చెప్పొచ్చుగా వదినా, ఇలా మొహాన కొట్టినట్టు..."

"మెల్లగా చెప్తానని ఆయనా అన్నాడు. నువ్వు మెల్లగా చెప్దామనుకునే లోపలే నాకు రావలసింది ఇంకొకరికి పోయింది. నీకింకా టైముంది. ఏడుస్తావో, నన్ను తిట్టుకుంటావో నీ ఇష్టం. ఎక్కడైనా అడగాలంటే మాత్రం ఇవాళే మొదలుపెట్టు."

బయట ఎవరో అద్దం మీద నాణెంతో టకటకా కొడుతున్నారు. వదిన కుర్చీలో కూలబడింది. పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి ఆ తల పట్టుకోవాలని మైకమ్మ చేతులకి అనిపించింది. కోపం వెళ్ళనివ్వలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోలేదు, దగ్గరికీ వెళ్ళలేదు.

కాసేపటికి వదిన మొహం తుడుచుకుంది. "నాతో వస్తావా ఆయన గదికి?"

"రాను. నాది నేను అడిగి వచ్చాను. నీది నువ్వడుగు."

వదిన లేచి కుచ్చిళ్ళు సర్దుకుంది. కిటికీకి తాళం వేసింది. ఏమిటిది, మా బస్సు సంగతేమిటి అని జనం కేకలేస్తుంటే వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ, నొప్పి మోకాలిని ఈడ్చుకుంటూ, వరండా చివరిదాకా నడిచింది. తలుపు ముందు ఒక్క క్షణం ఆగింది. వెనక్కి చూస్తుందేమో అనుకుంది మైకమ్మ. చూడలేదు. తలుపు తోసింది. లోపల్నుంచి "రండి తల్లీ, రండి" అని వినపడింది. దాని మీద వదిన గొంతు, ఎంక్వైరీ కిటికీలో ఎన్నడూ విననంత గట్టిగా, లేచింది.